మా షటిల్ కోర్టులో మినుములు ఎలా మొలిచాయంటే

మా పెరట్లోని షటిల్ కోర్టులో మినుములు మొలవడానికి కారణం నేను. మా బావ కాదు. ఆయన పరిచిన నల్ల షీటు కాదు, క్రషర్ నుంచి వచ్చిన రాతి బూడిద కాదు, మా గేదె అసలే కాదు. ఈ ముక్క మూడేళ్ల కిందట ఆయన నా ఎదురుగా నిలబడి అడిగినప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. దాంతో నరసన్నపేట చుట్టుపక్కల ఆ కథ నోటికో రకంగా తిరిగింది. కొందరు మినుములన్నారు, కొందరు గోంగూర అన్నారు, ఒకాయన ఏకంగా చెరుకు మొలిచిందన్నాడట. అందుకని జరిగింది జరిగినట్టు రాసేస్తున్నాను.

బావ అంటే మా అక్క భర్త. వాళ్లది గరివిడి. అక్కడి ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని అయిపోయి ఆయన ఖాళీగా ఉన్న రోజులవి. ఖాళీగా ఉన్నా కూర్చునే మనిషి కాదు. మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినా సరే, ఊగుతున్న తలుపు బందు బిగించి, కారుతున్న కుళాయి ఆపాకే కాఫీ గ్లాసు అందుకుంటాడు. అంతకుముందు ఒక కాంట్రాక్టరు దగ్గర రెండు మూడు షటిల్ కోర్టుల పనిలో చేయి కలిపాడు. ఆ పని ఆయనకి బాగా నచ్చింది. ఇక సొంతంగా కోర్టులు వేసుకుంటూ బతుకుదామనుకున్నాడు. కానీ ఎవరిని పని అడిగినా, ముందు నువ్వు వేసినదొకటి చూపించమంటున్నారు. చూపించడానికి ఆయన దగ్గర ఒక్కటీ లేదు.

నాకేమో షుగరు. ఒంటికి కదలిక ఉండాలన్నారు డాక్టరు. హైవే పక్కన నడుద్దామని రెండు రోజులు చూశాను. లారీల హారన్లకి షుగరు కన్నా ముందు గుండె ఆగేలా ఉంది. ఇంటి వెనక, గేదెల పాక పక్కన, చాలా చోటు ఖాళీగా పడి ఉంది. అందులో తుంగ తప్ప ఇంకేమీ పెరగదు.

"ఒరే బావా, నీ పెరడు నాకియ్యి," అన్నాడు ఆయన. "కూలొద్దు, ఏటొద్దు. కోర్టేసి పెడతాను. నలుగురూ వొచ్చి సూస్తే నాకు సాలు."

అప్పటికే టౌన్లోని ఒక రైస్ మిల్లు యజమానితో మాట్లాడి ఉంచాడు. ఆయన మిల్లు వెనకాల కోర్టు వేయించుకోవాలనుకుంటున్నాడు. మా పెరట్లో పని పూర్తయ్యాక వచ్చి చూస్తానని, నచ్చితే అక్కడ మొదలుపెట్టమంటానని మాటిచ్చాడు. నాకు ఆ కోర్టు ఒట్టి ఆట. బావకి మాత్రం దాని మీదే మిగిలిన బతుకంతా ఉంది. ఇది నాకు అప్పుడే తెలుసు. తెలియదని బుకాయించే వీలు కూడా లేదు.

ఎండలు ముదిరాక పని మొదలైంది. మొదట తుంగని వదిలించాలి. పైన పీకితే కింద గడ్డ ఉంటుంది, గడ్డ తీస్తే పక్కనే దాని అన్నదమ్ములు ఉంటారు. పది ఎకరాల రైతుని కూడా కూర్చోబెట్టి ఏడిపిస్తుంది అది. బావ జానెడున్నర లోతు మట్టి తవ్వి, బియ్యంలో రాళ్లు ఏరినట్టు గడ్డలు ఏరాడు. నేనూ ఏరాను. గంటకి ఆయన తట్ట నిండింది. నా తట్టలో ఏడు గడ్డలున్నాయి.

"ఏటిరా, తుంగ్గడ్డలేరుతన్నావా, ముత్యాలేరుతన్నావా?" అన్నాడు నా తట్టలోకి చూసి.

తర్వాత మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం తెచ్చాడు. రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే ఎత్తులో నిలుస్తాయి గనుక నేల ఎక్కడ ఎత్తో ఎక్కడ పల్లమో తెలిసిపోతుంది. వాన నీరు నిలవకుండా కాలవ వైపుకి కొంచెం వాటం ఉంచాలి. ఒక కొస ఆయన పట్టుకున్నాడు. రెండో కొస నేను పట్టుకుని, చేతులు నొప్పి పుడుతుంటే పొట్టకి ఆనించి నిలబడ్డాను. ఇక నేను ఊపిరి పీల్చినప్పుడల్లా పెరడు పైకి లేస్తోంది, వదిలినప్పుడల్లా కిందికి దిగుతోంది.

"నీ పొట్ట తీసెయ్రా బావా! లెవెలు దొరకట్నేదు!"

"పొట్ట ఎలగ తీస్తాను బావా?"

"అయితే గాలి పీల్సకు!"

ఊపిరి బిగబట్టి బిగబట్టి, సాయంత్రానికి మొత్తం పెరడు లెవెలు చూశాం. షుగరు సంగతి తెలియదు గానీ ఆ రోజు నాకు ప్రాణాయామం మాత్రం పూర్తిగా వచ్చేసింది.

చదును చేసి, రోలర్ లాగి, ఆ గట్టి నేల మీద నల్ల షీటు పరిచాడు. గోనెసంచిలా నేసిన షీటు అది. తోటల్లో కలుపు రాకుండా చెట్ల కింద పరుస్తారు. నీళ్లు కిందికి దిగుతాయి, మొక్క పైకి రాదు. రెండు షీట్లు కలిసే చోట ఒకదాని మీద ఇంకొకటి మూరెడు ఎక్కించి, వంచిన ఇనప చువ్వలతో నేలకి కుట్టాడు. అంచుల్ని చుట్టూ ఉన్న ఇటుక వరస మీదికి మడిచాడు. ఆ రోజు దాని మీద చెప్పులతో నడవడానికి మాలో ఎవరికీ అనుమతి లేదు. గేదె కూడా దూరంగానే నిలబడి చూసింది.

"ఈ అతుకులే పేణం," అన్నాడు, ప్రతి అతుకు మీదా అరచేత్తో నిమురుతూ. "ఇక్కడ తేడా వొచ్చినాదంటే తుంగ తలెత్తుతాది. మనం తలదించుకోవాల."

షీటు మీద కంకర, కంకర మీద సన్న చిప్స్, ఆ పైన క్రషర్ బూడిద. అంటే రాళ్లు ఆడించినప్పుడు రాలే మెత్తటి రాతి పొడి. నీళ్లు జల్లి తొక్కించేకొద్దీ అది గట్టిపడి అరుగులా తయారవుతుంది. అంతా అయ్యాక గరివిడి వెళ్తూ నాకు చెప్పాడు:

"పదేను రోజులు పొద్దున్నా సాయంత్రం నీళ్లు జల్లు. రోలర్ లాగు. ఇంకేటీ సెయ్యొద్దు. బుర్రలో ఏటైనా ఆలోసన వొచ్చినాదా, ఎల్లి పడుకో."

వారం రోజులు అలాగే చేశాను. కానీ బూడిద ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. ఎండ ఎక్కేసరికి పైన పొడిబారి పాదాలకి అంటుకుంటోంది. నేను వంటింట్లోకి వెళ్తే నా అడుగులు ఫ్రిజ్ దాకా తెల్లగా కనిపించేవి. నేను ఎన్నిసార్లు స్వీటు డబ్బా దగ్గరికి వెళ్లానో లెక్క తెలిసిపోతోంది నా భార్యకి. ఇది ఇలా సాగడానికి వీల్లేదనుకున్నాను.

అప్పుడు నాకు ఒక ఆలోచన వచ్చింది. వెళ్లి పడుకోలేదు.

మా చేను గట్టున మా కళ్లం ఉంది. ఏళ్ల తరబడి అలికి, తొక్కి, దిమ్మిస కొట్టి గట్టిపడిన నేల. వరికి మిషన్లు వచ్చాక దాని మీద వడ్లు నూర్చడం మానేశాం. వరి కోతకి ముందు చేలో చల్లుకున్న మినుములూ పెసలూ పండితే మాత్రం అక్కడే ఎండేసి కొట్టుకుంటాం. ఆ ఏడూ రెండు నెలల ముందే కొట్టాం. ఎండిన కాయ కర్ర తగిలి పగిలితే గింజ ఎగిరి ఎక్కడెక్కడ పడుతుందో, ఎన్ని గింజలు మట్టిలో కూరుకుపోతాయో తెలియనివాడిని కాదు. తాత ముత్తాతల నుంచీ మాది సేద్యమే. కానీ ఆ రోజు నాకు అది విత్తనాల మట్టిలా కనబడలేదు, స్టేడియంలా కనబడింది.

పారతో కళ్లం పైపొర చెక్కి, తోపుడుబండి మీద రెండు రోజుల పాటు ముప్ఫై తట్టలు తెచ్చాను. రాళ్లు రాకుండా జల్లెడ కూడా పట్టాను. ఆ జల్లెడ కన్నంలోంచి మినపగింజ హాయిగా దిగుతుంది. దాన్ని బూడిద మీద పలచగా చల్లి, పేడనీళ్లు కళ్లాపి జల్లి, రోలర్ లాగాను. అక్షరాలా అరుగులా వచ్చింది. చెయ్యి వేస్తే ఒక్క రేణువు అంటలేదు.

"అన్నయ్య నీళ్లే కదా జల్లమన్నాడు?" అంది నా భార్య గుమ్మంలో నిలబడి.

"మీ అన్నయ్యకి ఫ్యాక్టరీ తెలుసు. నేల సంగతి నాకు తెల్సు."

"సూద్దాం," అంది. మా ఇంట్లో ఆ మాట అన్నవాళ్లు ఇంతవరకూ ఓడిపోలేదు.

మర్నాడు టెక్కలిలో పెళ్లి ఉంటే ఇద్దరం వెళ్లి ఐదు రోజులు ఉండిపోయాం. మేం లేనప్పుడు మంచి వాన పడింది. విత్తనం నేను వేశాను, పేడ నేను వేశాను, తొలి తడి కూడా నేనే ఇచ్చాను. మిగతా సేద్యం ఆకాశం చూసుకుంది.

ఆదివారం పొద్దున్న తిరిగి వచ్చేసరికి పెరట్లో ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరు బావ. రెండో ఆయన తెల్ల చొక్కాలో రైస్ మిల్లు యజమాని. వాళ్ల ముందు, ఇటుక వరసల మధ్య, ఈ కొస నుంచి ఆ కొస దాకా, కోర్టంతా పచ్చగా ఉంది. ఒక్కో మొలక రెండేసి ఆకులు విప్పి, వచ్చిన పెద్దమనిషికి నమస్కారం పెడుతున్నట్టు నిలబడింది. ఇటుకలు దాటి బయట ఒక్కటీ లేదు. నా పొలంలో ఏనాడూ అంత ఒత్తుగా మొలక రాలేదు.

మిల్లు యజమాని వంగి ఒక మొలకని దగ్గరగా చూశాడు.

"ఏటి బాబూ, కోర్టన్నావు. ఇవి మినుములు కావేటి?"

"మినుములేనండి," అన్నాడు బావ. ఆయన అబద్ధం ఆడలేడు.

"నాది దాన్యం మిల్లు. పప్పు మిల్లు కాదు," అని ఆయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

బావ గొంతుక్కూర్చుని ఒక మొలక పీకాడు. వేరుని వెలుగుకి పెట్టి చూశాడు. కోర్టు మూలన చేత్తోనే కంకర తీసి షీటు దాకా వెళ్లాడు. షీటుకి చిన్న కన్నం కూడా లేదు.

"వేరు రెండంగుళాలు దాటనేదు. గింజ కింద నుంచి రానేదు, పైనుంచే వొచ్చినాది," అని నా వైపు తిరిగాడు. "ఒరే, నువ్వు పైన ఏటైనా ఏసినావా?"

నా భార్య నన్నే చూస్తోంది. చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ నేల సంగతి నాకు తెలుసన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది.

"నానేటి ఏస్తాను బావా? నువ్వు జల్లమన్న నీళ్లు జల్లినాను. కూసింత పేడ కలిపినాను, దుమ్ము లేస్తన్నాదని."

"పేడా?" ఆయన గేదె వైపు చూశాడు. "మీ గేదె మినుములు మేసినాదా?"

"మేసే ఉంటాది," అన్నాను. నోరులేని దాని మీదికి కూడా తోసేశాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. "కాదు. అది నెమరేసి నెమరేసి పెడతాది. దానికి నీ కన్నా ఓపికెక్కువ. గింజ గింజలాగ రాదు." చేతులు దులుపుకుని లేచాడు. "అయితే బూడిదలో వొచ్చినాది. క్రషరోడే ఏదో కలిపేసినాడు."

ఆపాల్సింది అక్కడే. ఆపలేదు. బావ బండి తీసి నేరుగా క్రషర్ దగ్గరికి వెళ్లి, రాతి బూడిదలో మినుములు ఎందుకు కలిపారని అక్కడున్నవాళ్లతో గట్టిగా గొడవ పెట్టుకున్నాడు. కొండని పగలగొట్టి పొడి చేసే చోట నిలబడి ఒక మనిషి మినుముల గురించి అడిగితే ఏమవుతుంది? లారీ డ్రైవర్లు స్టీరింగ్ మీద తల వాల్చి నవ్వారట. ఆ నవ్వు లారీలతో పాటు అన్ని ఊళ్లకీ వెళ్లింది. వారం తిరిగేసరికి హైవే పక్కన టీ కొట్టు దగ్గర బావకి 'మినుముల మేస్త్రీ' అని పేరు పెట్టేశారు.

ఆ మొక్కలన్నీ నేనూ ఆయనా పక్కపక్కన కూర్చునే పీకాం. మళ్లీ వాన పడితే ఈసారి పెసలు లేచాయి. ఆ తర్వాత నాలుగు నువ్వులు కూడా వచ్చాయి. "బావా, ఇంక కందులు మిగిలాయి," అన్నాను, నవ్విద్దామని. ఆయన నవ్వలేదు. టీ కొట్టు దగ్గర ఎవరైనా ఆ కథ మొదలుపెడితే మాత్రం నేను నలుగురితో పాటు నవ్వేవాడిని. ఒకసారి నేనే మొదటి నుంచి చెప్పాను కూడా, చేతులు తిప్పుతూ.

మిల్లు పని వేరేవాళ్లకి పోయింది. ఇంకెవరూ పిలవలేదు. బావ చీపురుపల్లిలో ఒక గోదాముకి కాపలా పనిలో చేరాడు.

ఇంట్లో నా భార్యకి ఈ రహస్యం చేతికర్రలా దొరికింది. బజారుకి వెళ్లనని అంటే, ఏమీ తిట్టేది కాదు, మెల్లగా "మినుములు" అనేది. వెళ్లి వచ్చేవాడిని. మా అక్క ఫోన్లో ఉన్నప్పుడైతే, "వొదినా, మినుములు..." అని ఆగి, నా మొహం చూసి, "...నానబెట్టాలి, ఉంటాను," అనేది. మూడేళ్లలో నేను ఉతికిన దుప్పట్లకి లెక్క లేదు.

ఈలోగా కోర్టు సంగతి వేరేలా జరిగింది. మట్టిలో ఉన్న గింజలన్నీ మొలిచి అయిపోయాక, మరి ఒక్క మొక్క రాలేదు. మూడు వర్షాకాలాలు గడిచాయి. ఇటుకల అవతల మోకాలెత్తు తుంగ, ఇవతల శుభ్రమైన నేల. నీరు నిలవలేదు, ఎక్కడా కుంగలేదు.

ఈ వేసవికి ముందు అరసవల్లిలో లాడ్జీ నడిపే ఒకాయన ఎవరో చెప్పగా మా కోర్టు చూడ్డానికి వచ్చాడు. చెప్పులు విప్పి ఆ చివర నుంచి ఈ చివరకి నడిచాడు. మడమతో తొక్కి చూశాడు.

"బాగుందండీ. మా లాడ్జీ వెనకాల ఇలగే కావాల. ఎవులేసినారు?"

మా బావ అని చెప్పాను. ఊరూ, వివరాలూ చెప్పేసరికి ఆయన మొహం మారింది.

"మినుములాయనా? వొద్దు బాబూ! మా లాడ్జీలో దిగినోళ్లు టిఫిను కూడా ఫ్రీ అనుకుంటారు," అని నవ్వుతూ చెప్పుల వైపు నడిచాడు.

వంటింటి కిటికీలోంచి ఏదో ఒక మాట వినబడుతుందని చూశాను. నా భార్య ఏమీ అనలేదు. అనకపోవడమే భరించలేకపోయాను. ఆయన వెనకే పరిగెత్తి గేటు దగ్గర ఆపి, కళ్లం మట్టి దగ్గర నుంచి గేదె దాకా మొత్తం చెప్పేశాను.

ఆయన విని, నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "మూడేళ్లు దాసినోడివి. నీ మాట నానెలగ నమ్మాల? ఆయన్నే తీసుకురా. ఆయన నోటితో సెప్తే ఏయిస్తాను."

మర్నాడు పొద్దున్నే గరివిడి బయల్దేరాం. నేను మధ్యలో వెనక్కి తిరగకుండా నా భార్య బండి మీద వెనకాల కూర్చుంది. దారిపొడుగునా ఏం చెప్పాలో పైకే అనుకుంటూ నడిపాను.

"బావా, మావల్ల ఒక పొరపాటు..."

"మావల్ల ఏటి? నానేసినానా మట్టి?"

"నావల్ల ఒక చిన్న పొరపాటు..."

"చిన్నదా? బండాపు, దిగిపోతాను."

అక్క ఇంట్లో టీ తాగాను. ఉప్మా తిన్నాను. ఎండల గురించి, రోడ్డు గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడాను. బావ అప్పుడే డ్యూటీ దిగి వచ్చి వింటున్నాడు. చివరికి నా భార్య, "అన్నయ్యా, ఈయన ఉప్మాకి రానేదు," అంది. అప్పుడు చెప్పాను. తల ఎత్తకుండా, ఒక్క గుక్కలో.

అక్క చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. బావ మాత్రం ఒకటే అడిగాడు.

"ఎన్ని తట్టలేసినావు?"

"ముప్పై."

"జల్లెడ పట్టినావా?"

"పట్టినాను."

"ఓరి నీ తెలివి తెల్లారా!" అని పెద్దగా నవ్వాడు. అక్క కూడా నవ్వింది. గండం గడిచిందని నేనూ నవ్వబోయాను. ఆయన అప్పటికే ఆపేశాడు.

"నువ్వు ఆ రోజే సెప్పుంటే నిన్నో రెండు దెబ్బలేసి మర్సిపోదును," అన్నాడు. "ఏ అతుకు దగ్గర తప్పు సేసినానో, ఏ లారీలో ఏటి సూసుకోనేదో అని మూడేళ్లు ఎతుకుతన్నాను. ఆకరికి నా సేతి మీదే నాకు నమ్మకం పోయింది. పని రాకపోతే రాకపోనీ. ఇది మాత్రం నువ్వు సెయ్యకూడదురా."

చేతులు జోడించి, లాడ్జీ ఆయన రమ్మన్న సంగతి కూడా చెప్పాను.

"ఇక్కడ నా ఇంట్లో సెప్తే ఏటి లాబం? నవ్వినోళ్లు ఇక్కడ నేరు. ఆళ్ల ముందు సెప్పు. ఆ తరవాతే లాడ్జీకొస్తాను."

లాడ్జీ వెనకాల కోర్టు ఈ వేసవిలో ఆయనే వేశాడు. అక్కడ నీళ్ల గొట్టం కొస పట్టుకోవడానికి మాత్రం నన్ను పిలవలేదు. కానీ దానికి ముందే, ఆ వారం ఆదివారం పొద్దున్న, హైవే పక్కన టీ కొట్టు దగ్గరికి ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. రోజూ చేరే పది పన్నెండు మంది ఉన్నారు. రైస్ మిల్లు యజమాని కూడా పేపరు చదువుతూ కూర్చుని ఉన్నాడు. బావని చూడగానే ఒకడు, "రా మేస్త్రీ, ఈ ఏడు పంటెలగున్నాది?" అన్నాడు. అందరూ నవ్వారు. ఈసారి నేను నవ్వలేదు. బెంచీ పక్కన నిలబడి, లారీల రొదకి వినబడదేమోనని గొంతు పెంచి చెప్పాను:

"అందరూ ఇనండి. మా కోర్టులో మినుములు జల్లినోడిని నాను. బావ ఒద్దన్నా ఇనకుండా మా కళ్లం మట్టి తెచ్చి పైన పోసినాను. ఆయనడిగితే ఏయనేదని అబద్దమాడినాను. ఆయన షీటులో తప్పు నేదు, బూడిదలో తప్పు నేదు. క్రషరోళ్లకి కూడా ఇప్పుడే ఎల్లి సెప్తాను. బావా, నీ పని మీద నింద పడతంటే సూస్తా ఊరుకున్నాను. మీదిమిక్కిలి ఈళ్లతో కలిసి నవ్వినాను. తప్పు నాది. నన్ను సమించు."